కాటా వైరు

నా డైరీలో ఆ వారమంతా ఒకే మాట: "ఇంకా దొరకలేదు."

దొరకనిది ఒక చిన్న అడాప్టర్. మా అన్న నీళ్లలో మునిగి పనిచేస్తాడు. గోదావరి నుంచి ఫ్యాక్టరీలకు నీళ్లు తోడే బావుల్లోకి దిగి, అడుగున జాలీలకు పట్టిన చెత్త తీస్తాడు. దిగేటప్పుడు చేతికి గడియారంలాంటి డైవ్ కంప్యూటర్ కట్టుకుంటాడు. ఎంత లోతుకు వెళ్లాడో, ఎంతసేపు ఉన్నాడో, ఎంత వేగంగా పైకొచ్చాడో అది గుర్తుపెట్టుకుంటుంది. విశాఖపట్నంలో పని నేర్పినాయన శిక్షణ మొదట్లోనే తన పాతది ఇచ్చేశాడు.

సముద్రంలో పనులు చేసే ఒక కంపెనీ అన్నను తీసుకుంటానంది. పది సముద్రపు మునకల రికార్డు మాత్రం పరికరం నుంచి నేరుగా దించి పంపాలంది. చేతిరాతా ఫోటోలూ చెల్లవు. శిక్షణలో అన్న సముద్రంలో పన్నెండుసార్లు మునిగాడు. కానీ పరికరం నిండిపోయింది. బావిలో కొత్తగా మునిగిన ప్రతిసారీ అన్నిటికంటే పాతది ఒకటి చెరిగిపోతుంది. అప్పటికే రెండు పోయాయి. సరిగ్గా పది మిగిలాయి. సోమవారం అన్న మళ్లీ బావిలోకి దిగాలి.

"అది పెట్టుకోకుండా దిగితే?" అన్నాను.

"అది లేకుండ దింపరే. నువ్వు ఇంట్లనే ఉంటవ్ గదా, జర చూడు చెల్లె."

చూడడమంటే నలుగురిని అడగడం. అదే నాకు చేతకానిది. పరికరంతో వచ్చిన వైరు కొసన తొమ్మిది రంధ్రాల పాతకాలపు ప్లగ్ ఉంది. నా ల్యాప్‌టాప్‌కు అలాంటి చోటే లేదు. దాన్ని సీరియల్ కేబుల్ అంటారనీ, మధ్యలో ఒక అడాప్టర్ కావాలనీ నెట్‌లో చదివాను. ఆన్‌లైన్‌లో తెప్పించినది పెట్టగానే ల్యాప్‌టాప్ గుర్తించనంది. లోపలి చిప్ నకిలీదట. ఇంకోటి తెప్పిస్తే మంగళవారం గానీ రాదు.

శుక్రవారం మణుగూరు బజారుకు వెళ్లాను. కంప్యూటర్ షాపు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచాక లోపలికి అడుగుపెట్టాను.

"సీరియల్ కేబుల్ ఉందాండీ?"

షాపాయన తలెత్తాడు. "ఏ సీరియలమ్మా? డిష్ కేబులా, మామూలు కేబులా?"

పక్కనున్న ఆమె నవ్వింది. "అత్తాకోడళ్లదేమో, అడుగు."

కాదని చెప్పాల్సింది. ఆయన ఇచ్చిన మూడు రంగుల టీవీ వైరు తీసుకుని ఇంటికొచ్చేశాను. ఆ సాయంత్రం అన్న దాన్ని చూసి నవ్వలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

శనివారం ఒకచోట కూర్చోలేకపోయాను. పుస్తకం తెరిచి ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను. చివరికి పరికరం, వైరు, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని కొత్తగూడెం బస్సు కోసం బయల్దేరాను. బస్సు రాలేదు. రోడ్డు పక్కన బొగ్గు లారీలు కాటా కోసం బారు తీరాయి. ఎండకు తట్టుకోలేక కాటా గది నీడలో నిలబడ్డాను. కిటికీలోంచి తూకం అంకెలు చూపే పెట్టె వెనక భాగం కనిపించింది. దానికి వేలాడుతున్న ప్లగ్ అచ్చం మాదే. అక్కడి నుంచి ఒక చిన్న అడాప్టర్ ముక్క, ఆ తర్వాత కంప్యూటర్.

ఎలా లోపలికి వెళ్లానో నాకే తెలియదు.

కాటా దగ్గర కూర్చున్నామె నన్ను పైకీ కిందికీ చూసింది. "ఏందమ్మా, లారీ లేకుండ కాటాకొచ్చినవ్? నిన్ను తూకమెయ్యాల్నా?"

వైరు తీసి చూపించాను.

"గిది కాటా వైరు! దీనికి ముక్క కావాల్నా?"

"బజార్లో సీరియల్ అని అడిగానక్కా."

"సీరియలంటే ఎవలకు తెలుస్తది? కాటా వైరనుంటే అందరు చెప్పెటోళ్లు. నాది ఒక్కటే ఉంది, బయటికియ్య. ఈ లారీ పోనీ, ఇక్కడనే పెట్టుకో."

ఆ లారీ కాటా దిగింది. ఆమె ముక్క పీకి నా చేతిలో పెట్టింది. నా ల్యాప్‌టాప్ ఈసారి గుర్తించింది. రికార్డు ఎంత దిగిందో చూపే గీత మెల్లగా పాకసాగింది. తర్వాతి లారీ కాటా ఎక్కి హారన్ కొట్టింది.

"అక్కా, తూకమా, సినిమానా?" డ్రైవర్ అరిచాడు.

"ఆగు తమ్మీ, బొగ్గేం పారిపోదు!"

గీత నిండింది. సముద్రపు మునకలు పదీ తెర మీదికొచ్చాయి. ఏడోదాని పక్కన ఎర్రటి గుర్తు: ప్రమాదకరమైన వేగంతో పైకి వచ్చినట్టు. ముక్క తిరిగిచ్చేసి బయటికొచ్చి అన్నకు ఫోన్ చేశాను.

ఏడోదాని పక్కన గుర్తు సంగతి అడిగాను. "భయమేసింది చెల్లె. మాస్కులకు నీళ్లొచ్చినయ్. పైకురికిన. ఎవలకు చెప్పలే."

"అది తీసేస్తే తొమ్మిదే అన్నా."

"తీసుడెందుకు? ఉన్నది ఉన్నట్టు పంపు."

ఆ రికార్డులో ప్రతి మునక కింద రాసుకోవడానికి చిన్న గడి ఉంది. ఏడోదాని కింద రాశాను: "మాస్క్‌లోకి నీళ్లు వచ్చి, భయపడి వేగంగా పైకి వచ్చాను. ఆ తర్వాత మూడుసార్లు అదే లోతుకు దిగాను." అన్నకు చదివి వినిపించి, సరేనన్నాకే పంపాను.

సోమవారం అన్న బావిలోకి దిగాడు. పరికరంలో ఒక సముద్రం చెరిగిపోయింది. గురువారం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అన్న వాకిట్లో నిలబడి మాట్లాడుతుంటే నేను వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

"అవ్ సార్, ఏడోది. భయమేసింది సార్." నేను నల్లా కట్టేశాను.

"లేద్సార్, ఆగలే. మర్నాడే దిగిన," అన్నాడు అన్న. ఇంకాసేపటికి, "ఒకటో తారీఖు చేరాల్నా? వస్త సార్."