అత్త వదిలిన వాకిలి

పుంగనూరులో ఉండే మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. ఆమె కొడుకు, అంటే మా బావ, ఫోన్ చేసి చెప్పిన మాటలు రెండే. "అమ్మ పోయింది. కారు మెయిన్ రోడ్డులోనే పెట్టి నడిసి రా, ఈడ జాగా లేదు." మొదటి మాటకు ఏడ్చాను. రెండో మాట మదనపల్లె నుంచి పుంగనూరు చేరేదాకా నాకు అర్థం కాలేదు. అత్త వాళ్ళ వీధి మొత్తానికీ ముందు జాగా ఉన్న ఇల్లు ఆమెదొక్కటే.

ఒకప్పుడు అక్కడ అన్నీ కాపురాలే. తర్వాత కింద అంగడి, పైన ఇల్లు అనే పద్ధతి వచ్చింది. కట్టేటప్పుడు ముందు ఇంత, పక్కన ఇంత ఖాళీ వదలాలని మునిసిపాలిటీ వాళ్ళ రూలు. దాన్ని సెట్‌బ్యాక్ అంటారు. మనవాళ్ళ తెలివి మీకు తెలిసిందే, ఆ ఖాళీని కాగితం మీద వదిలి నేల మీద కట్టేస్తారు. అత్త పాత మిద్దె కొట్టించి కొత్తిల్లు మొదలుపెట్టినప్పుడు మేస్త్రీ కూడా అదే చెప్పాడు.

"ప్లానులో వదిల్నాం గదమ్మా, మళ్ళా జాగాలో యాల వదిలేది?"

"ప్లానులో గాలి పీల్సుకుంటామా అప్పా?" అంది అత్త. ముగ్గుపిండి తెచ్చి తనే గీత పోసింది. ఆ గీత దాటి ఒక్క ఇటుక పడనివ్వలేదు.

సెట్‌బ్యాక్ అనే మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. ఆమెకది వాకిలి. పొద్దున్నే కల్లాపి చల్లి ముగ్గేసేది. ఎండాకాలం చింతపండు ఆరబోసి, వక్కాకు నములుతూ పక్కనే కూర్చునేది. తెలిసినవాళ్ళు కనిపిస్తే మజ్జిగ తాగందే కదలనిచ్చేది కాదు. జాగా వదులుకున్న పిచ్చిదని వీధిలో నవ్వుకునేవాళ్ళు, ఆ మజ్జిగ తాగుతూనే.

పక్క స్థలంలో బట్టల అంగడాయన హద్దు మీదికంటా మూడంతస్తులు లేపాడు. కిటికీలన్నీ అత్త వదిలిన సందులోకే పెట్టాడు. ఇదేం పనప్పా అని అడిగితే, "నువ్వు వదిల్నావు గదమ్మా, ఆ గాలి ఇద్దరికీ సాల్తాది" అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత ఉండనే ఉంది. ఈయన ఏ వరసా లేకుండానే దానం పుచ్చుకున్నాడు.

కొన్నాళ్ళకు ఆయన తల్లి పోయింది. పై అంతస్తు నుంచి కిందికి దించితే ఎక్కడ పడుకోబెట్టాలి? కింద అంగడి, అంగడి దాటితే రోడ్డు. అత్త గేటు దగ్గరికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. అత్త చింతపండు ఎత్తేసి బెంచీ వేయించింది, స్నానానికి నీళ్ళు తనే కాచింది. పరాయి శవాన్ని మన వాకిట్లో పెట్టడమేమిటని చుట్టాలు గొణిగారు. నేనూ అడిగాను.

"సచ్చినోళ్ళు జాగా ఆక్రమించరు పాపా. కాసేపుండి పోతారు. బతికినోళ్ళతోనే బాధంతా" అంది.

అప్పట్నుంచి ఆ వీధిలో ఎవరు పోయినా ఆఖరి స్నానం అత్త వాకిట్లోనే. మర్నాడు పొద్దున మళ్ళీ కల్లాపి, మళ్ళీ ముగ్గు. ఇంత మనసున్న మనిషిని నేను మళ్ళీ చూస్తాననుకోను.

చివర్లో ఆమెను కుప్పంలో ఆసుపత్రిలో పెట్టారు. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, మంచం పక్కనున్న బావను అడిగింది. "వాకిట్లో కల్లాపి సల్లుతాండారా?"

"సల్లుతాండారమ్మా" అన్నాడు బావ. సంతోషంగా కళ్ళు మూసుకుంది.

పుంగనూరులో కారు దిగి నడిచి వెళ్ళాక గానీ ఆ అబద్ధం నాకు తెలియలేదు. వాకిలి లేదు. గీత పోసిన చోటు దాటి, రోడ్డు పక్క కాలువ అంచుదాకా రెండు కొత్త అంగళ్ళు. తల్లి కుప్పంలో ఉండగానే బావ కట్టించేశాడు. దగ్గరుండి మేస్త్రీని కుదిర్చిపెట్టింది బట్టల అంగడాయనేనట.

అత్తను రోడ్డు మీద పడుకోబెట్టారు. వీధిలో శవాలన్నిటికీ చోటిచ్చిన మనిషికి, ఆడవాళ్ళు చుట్టూ చీరలు పట్టుకుని, ఆటోల హారన్ల మధ్య స్నానం పోశారు. "కొంచెం పక్కకు జరపండప్పా, బండ్లు పోవల్ల" అంటున్నది ఎవరనుకున్నారు? ఆ బట్టల అంగడాయనే. నలుగురు బెంచీ ఎత్తి ఆమెను మురికి కాలువ వైపు జరిపారు.

"అందురూ కట్టుకుంటాండారు, మనమొక్కరమే యాల వదలల్ల?" అన్నాడు బావ నాతో. ఛీ అన్నాను.

అప్పటికే అద్దెకిచ్చేసిన సెల్‌ఫోన్ల అంగడి ఒకటి అత్త కాళ్ళ దగ్గరే ఉంది. పోయినామెకు మర్యాదగా షట్టరు సగం దించారు. లోపల లైట్లు వెలుగుతున్నాయి, బేరం నడుస్తోంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆమె ముందు నడుము వంచి, తల దించి, షట్టరు కిందనుంచి లోపలికి దూరుతున్నారు. దూరం నుంచి చూసేవాళ్ళకు ఒక్కొక్కరూ వచ్చి ఆమెకు దండం పెట్టుకుంటున్నట్టే ఉంది.