కినుయే ఊడ్చిన మూల

కినుయేకి చెత్త కంటపడితే చెయ్యి ఊరుకోదు. తకయామా అనే కొండ ఊళ్లో ఆ వీధి వీధంతా ఆవిడ చీపురు చప్పుడుకే నిద్రలేచేది. అలాంటి మనిషిని నలభై ఏళ్లపాటు పెరట్లో ఒక్క మూల మాత్రం ఊడవనివ్వలేదు భర్త తమోత్సు. ఇంటికి ఉత్తరాన, ఎండ పొడ తగలని ఆ చోట, కొండమీంచి తెచ్చి పెంచుకున్న నెమలి ఫెర్న్ ఉండేది. నల్లటి సన్న కాడలు, విసనకర్రలా విచ్చుకునే ఆకులు. గట్టిగా ముట్టుకుంటే కందిపోయేంత సుకుమారం. చలికాలం రాగానే అంతా ఎండి నేలకి అంటుకుపోయేది.

ఏడాది చివర ఇల్లు దులిపే రోజుల్లో ఏటా దాని మీదే గొడవ. "ఆ ఎండుటాకులే దానికి దుప్పటి, వదిలెయ్యవే," అనేవాడాయన. బద్ధకానికి భలే పేరు పెట్టారని ఆవిడ దెప్పేది.

అక్టోబరులో తమోత్సు పోయాడు. ఏటిసూతకం కాబట్టి కొత్త సంవత్సరానికి గుమ్మానికి అలంకారం లేదు, మోచీ ముద్దలకి అన్నం దంచడం లేదు. చేతులకి పనిలేక పిచ్చెక్కినట్టయింది కినుయేకి. చీపురు పట్టుకుని తిన్నగా ఆ మూలకే వెళ్లింది. కాడలు కోసి, ఆకులు గీకి, నేలంతా నున్నగా చేసింది. ఇంత నున్నగా చూస్తే ఆయనైనా ముచ్చటపడేవాడనుకుంది, పిచ్చిది. నేలని దుప్పటిలా కప్పి కాచే మంచు ఆ ఏడు ఆలస్యంగా కురిసింది. ఈలోపు పది రోజులు బోసి నేల గడ్డకట్టుకుపోయింది.

రోజూ పొద్దున్నే ఆయన పటం ముందు వేడన్నం పెట్టి, అగరొత్తి వెలిగించి, ఇంటి కబుర్లు చెప్పడం ఆవిడకి అలవాటు. ఏప్రిల్ చివరికి వీధిలో అందరి ఫెర్నులూ చుట్టుకున్న మొలకలతో లేచాయి. ఆ మూల మాత్రం ఉలుకూ పలుకూ లేదు. అయినా, మీ మొక్క మొలిచిందండీ అని చెప్పేసింది. మర్నాడు రెండు మొలకలంది. ఆ మర్నాడు నాలుగు. ఆయన బతికుండగా ఒక్క అబద్ధమూ ఆడని నోరది. తర్వాత ఆ అన్నం తను తినకుండా పిచ్చుకలకి వేసేసేది.

మే నెలలో ఆయన అక్క సాయో, తమ్ముడి మొక్క చూసిపోతానంటూ వచ్చింది. ఇంక దాచడానికి దారి లేదు. వదినా మరదళ్లిద్దరూ ఆ మూల చతికిలబడ్డారు. సాయో వేలితో మట్టి కదిపింది. కుళ్లిన వేరు మెత్తగా చితికి వేలికి అంటుకుంది.

"ఇంక రాదమ్మా," అంది. ఎలా పోయిందని అడగలేదు.

మర్నాడు కినుయే ఎప్పటిలాగే అన్నం పెట్టింది, అగరొత్తి వెలిగించింది.

"రాలేదండీ. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను. నేనే చంపేశాను."

పటంలో ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"ఒక్కసారి తిట్టండి," అంది కినుయే.