యూన్ గారి నాన్న

అమెరికాలో, వాషింగ్టన్ దగ్గరి షాంటిలీలో మా ఇంటికి రెండు మైళ్ళ దూరంలో, వరస దుకాణాల స్ట్రిప్ మాల్ చివర ఉన్న డ్రైక్లీనింగ్ షాపు యూన్ గారిది. కొరియా మనిషి. నేను రిటైరైన డాక్టర్ని, ఇస్త్రీ చేయించుకోవలసిన సూట్లేవీ మిగల్లేదు. అయినా వారానికో చొక్కా పట్టుకుపోయేవాణ్ణి. మా ఆవిడ సరోజ పోయాక ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. యూన్ గారి భార్య ఎప్పుడో విడిపోయి లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది, పిల్లల్లేరు. ఇద్దరం మాకొచ్చిన ఇంగ్లీషులో చలిని తిట్టుకునేవాళ్ళం.

ఆయన నాన్న మాత్రం సామాన్యుడు కాదు. కొరియాని జపాన్ ఏలుతున్న రోజుల్లో షాంఘైకి తప్పించుకుపోయి, అక్కడి ప్రవాస ప్రభుత్వంలో పనిచేసి, స్వాతంత్ర్యానికి మద్దతు కూడగట్టడానికి అమెరికా వచ్చిన నాయకుడు. అప్పటికి తల్లి దగ్గరే ఉండిపోయిన యూన్ గారికి రెండేళ్ళు. ఆ పెద్దాయన వాషింగ్టన్‌లో ఆఫీసుల మెట్లెక్కి దిగి, ఉత్తరాలు రాసి రాసి, ఇంకో ఏడాదిలో స్వాతంత్ర్యం వస్తుందనగా న్యుమోనియాతో పోయారు. షాంటిలీకి అరగంట దూరంలో పాతిపెట్టారు. కొడుకు నలభై రెండేళ్ళ వయసులో వచ్చి, ఆ సమాధి వెతుక్కుని, దానికి దగ్గర్లో ఉండాలనే ఇక్కడ షాపు పెట్టుకున్నారు.

"బతికినంతకాలం ఆయన దేశం మనిషి. చనిపోయాకే నాకు దొరికాడు" అన్నారొకసారి.

ప్రతి ఆదివారం సమాధి దగ్గరికి వెళ్ళేవారు. గడ్డి కోయడానికి అక్కడ మనుషులున్నా, ఈయన మోకాళ్ళ మీద కూర్చుని కత్తెరతో కోసేవారు. అది పెద్దకొడుకు చెయ్యాల్సిన పనట. తర్వాత ఆ వారం సంగతులన్నీ సమాధికి చెప్పుకునేవారు. కళ్ళు మందగించాక నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళేవాణ్ణి. కార్లో కూర్చుని, ఈ చాదస్తమేంట్రా దేవుడా అని నవ్వుకునేవాణ్ణి.

2009లో కొరియా నుంచి ఉత్తరం వచ్చింది. నాయకుడి అస్థికలను తీసుకెళ్ళి, జాతీయ శ్మశానంలో సైనిక వందనంతో ఉంచుతారట. కొడుకు సంతకం కావాలి. ఆ కాగితం నెలరోజులు కౌంటర్ మీదే ఉంది. అక్కడ నాన్న పక్కన కొడుక్కి చోటుండదు. ఎనభై ఏళ్ళ మనిషి, విమానం ఎక్కనివ్వని గుండె. సంతకం పెడితే నాన్న ఇక చేతికందడు. పెట్టకపోతే, దేశం విడుదలయ్యాక నన్ను ఇంటికి చేర్చండన్న ఆయన ఆఖరి కోరికకి కొడుకే అడ్డుపడినట్టు.

"డాక్టర్, మీరైతే ఏం చేస్తారు?" అని అడిగారు.

ఆ రోజు నాకెందుకో విసుగ్గా ఉంది. "సైన్ చేసేయండి యూన్ గారూ. ఎముకల్లో ఏముంది? మేం దహనం చేసి నదిలో కలిపేస్తాం. ఆరేళ్ళ కిందట మా సరోజని గోదావరిలో కలిపి, ఆ వారమే ఫ్లైట్ ఎక్కాను. అంతే!" అన్నాను. పెద్ద వేదాంతినన్నట్టు చెయ్యి కూడా దులిపాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, సంతకం పెట్టేశారు.

అక్టోబర్‌లో తవ్వారు. పెట్టె మీద జెండా కప్పారు. నల్లకోట్ల అధికారులు నడుముదాకా వంగి దణ్ణం పెట్టారు, ఫోటోలు తీసుకున్నారు. యూన్ గారు ఎవరివంకా చూడలేదు. మధ్యాహ్నానికి గోతిలో కొత్త మట్టి పోసి అందరూ వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి ఆదివారం ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్ళేసరికి, మూసిన షాపులో టై కట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"డాక్టర్, మీ భార్యని నీళ్ళలో కలిపేశారు కదా. మరి మీరు ఆవిడతో ఎక్కడ మాట్లాడతారు? ఎలాగో చెప్పండి, నేర్చుకుంటాను" అన్నారు.

ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. అబద్ధం రాలేదు.

"మాట్లాడలేదండీ" అన్నాను. "ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా మాట్లాడలేదు." అంత ముసలితనంలో, పరాయి మనిషి ముందు, వెక్కి వెక్కి ఏడ్చాను.

యూన్ గారు టై ముడి వదులు చేసుకున్నారు.

"మీకు తెలుసనుకుని సంతకం పెట్టాను" అన్నారు.