తాళం వేసిన వాకిలి ముందు మా అత్త

మా అత్త శవాన్ని ఆమె వాకిట్లో దించనివ్వలేదు. జరిగిన తప్పు ఇదీ. మొదట ఇది రాసిన తర్వాతే మిగతాది రాస్తాను.

గురువారం తెల్లవారుజామున మా మేనత్త పోయింది. పొద్దెక్కేసరికి ఎద్దుల బండిలో పడుకోబెట్టి ఆమె ఇంటికి తీసుకుపోయాం. మనలో ఎవరు యాడ పోయినా, సొంత ఇంటి వాకిట్లో దించి, అక్కడే నీళ్లు పోసి, అక్కడి నుంచే మోసుకుపోతాం గదా. తలుపుకు తాళం వేసి ఉంది. ఆ ఇల్లు ఇప్పుడు శెనక్కాయల మిల్లు షావుకారుది. ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మేసిన ఇంటికి శవాన్ని తెస్తారేందప్పా? రేపు ఈడ నేను అంగళ్లు కట్టాల. బాడిగకు ఎవుడొస్తాడు?"

"కాసేపే సామీ. నీళ్లు పోసుకొని ఎత్తుకపోతాము."

"నీ గుడిసె ముందర పోసుకోపో. నీళ్లు యాడైనా నీళ్లే గదా."

బండి ఎండలో నిలబడిపోయింది. బస్సు వచ్చి, హారన్ కొట్టి, పక్కకు తప్పుకొని పోయింది. బస్సులోని వాళ్లు తలలు బయటికి పెట్టి చూశారు. చివరికి ఆమెకు నా గుడిసె ముందరే నీళ్లు పోశాం.

నేను ఆ షావుకారు మిల్లులోనే మూటలు మోస్తాను. ఈ కరపత్రం అచ్చయి మీ చేతికి వచ్చాక మోస్తానో లేదో తెలియదు. మన ఊరు కర్ణాటకలో పడింది గదా, ఈడ బడిలో చెప్పింది కన్నడం. తెలుగు అక్షరాలు హొసకోట బస్టాండులో బొండాలు కట్టిచ్చిన కాగితాలు విప్పి నేనే నేర్చుకున్నాను. అందంగా రాయలేకపోతే పోనీ. ఆమె ఎవరో మీకు తెలిస్తే చాలు.

మా అమ్మ పోయినాక నన్ను సాకింది మా అత్తే. ఆమెకు పిల్లల్లేరు. మామ ఎప్పుడో పోయాడు. మట్టి మిద్దె, మూడు ఆవులు, అంతే ఆమె సంసారం. కాల్చిన శెనక్కాయను చెవి దగ్గర పెట్టుకొని చిట్లించేది. ఆ చప్పుడు నచ్చితేనే పెనం దించేది. మొదటి గుప్పెడు ఆవులకు పోయేది, రెండోది నాకు. "నాకంటే ఆవే ఎక్కువా?" అని అలిగితే, "అది పాలిస్తాది. నువ్వేమిస్తావురా, ఏడుపే గదా" అనేది.

వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్లు గుర్తున్నాయి గదా. విత్తిన శెనక్కాయ మట్టిలోనే మాడిపోయింది. కలప కొనేవాళ్లు ఊరూరా తిరిగేవారు. వాళ్లకు ఇళ్లు అక్కర్లేదు. దూలాలు, కంబాలు, తలుపులు కావాలి. బెంగళూరికి కూలికి పోయేవాళ్లు ఇంటిని విప్పి, కట్టె అమ్ముకొని పోయేవారు. నిలబడి ఉన్న ఇంటికంటే విప్పిన ఇల్లే ఎక్కువ ధర పలికిన కాలమది. ఇల్లు విప్పనివాళ్లు ఆవుల్ని కటికోళ్ల లారీ ఎక్కించారు.

మా అత్త రెండూ చేయలేదు. మేత కొనడానికి ఇల్లు అమ్మింది. ఊరంతా నవ్వింది. పక్కింటామె వాకిట్లో నిలబడి అరిచింది.

"మతి పోయిందా నీకు? గొడ్లను పెట్టుకొని ఇల్లు అమ్ముతారా యాడైనా? రేపు ఆవు పక్కన పండుకుంటావా?"

"పండుకుంటా. నీ మొగుని గురక కంటే ఆవు ఊపిరి మేలు" అంది అత్త.

ఆ రాత్రి నాకు మాత్రం విడమరచి చెప్పింది. "ఇంటికి ఆకలి ల్యాదు గదరా. అమ్మినా ఆడ్నే ఉంటాది, నేను చూస్తా ఉంటా. ఆవు లారీ ఎక్కితే మళ్లా కనపడతాదా?"

కొన్నది మన ఊరి రైతే. విప్పి అమ్మితే ఎక్కువ వస్తుందని తెలిసి కూడా ఆమె నిలువునా, తక్కువకే ఇచ్చింది. అడిగినవి మూడు. ఇల్లు విప్పకూడదు. బతికి ఉన్నంతవరకు ముందరి పంచ ఆమెదే. పోయినాక ఆ వాకిట్లో నుంచే పంపాలి. ఆయన నలుగురి ముందర, మాటకు గుర్తుగా ఆకువక్క చేతిలోకి తీసుకొని "సరే అక్కా" అన్నాడు. పత్రం రాసే ఆయన కూడా అడిగాడు, "ఆ మాటలు కూడా రాసేదామ్మా?" అని.

"వద్దు సామీ. ఆకువక్క చేతిలో పెట్టినాక మళ్లా రాయిస్తే, ఆయప్పను దొంగ అన్నట్లు గదా" అని వేలిముద్ర వేసింది.

చదువుకున్నవాళ్లు దీన్ని తెలివితక్కువ అంటారు. మన ఊళ్లో అది మర్యాద. ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

సరిహద్దు అవతల, ఆంధ్రా నుంచి గడ్డి వచ్చింది. ఆవులు బతికాయి. అత్త పంచలోకి మారింది. ఏటా వానలకు ముందు, ఇల్లు కారకుండా చౌడు మన్ను గంపలకెత్తి, నిచ్చెనెక్కి, మిద్దె మీద పోసి తొక్కేది. అమ్మిన ఇంటికి ఈ చాకిరీ ఏందని కింద నుంచి అడిగితే నా మీదికి మట్టి పెడ్డ విసిరింది. "నోరు మూసుకొని గంప అందీరా."

తర్వాత వానలు వచ్చాయి. శెనక్కాయకు ధర వచ్చింది. రోడ్డుకు తారు వచ్చింది, మిల్లు వచ్చింది. బస్సు సరిగ్గా ఆమె పంచ ముందరే ఆగడం మొదలైంది. అప్పుడు ధర పెరిగింది ఇంటికి కాదు, ఇంటి కింది జాగాకు. రైతు షావుకారుకు అమ్మేశాడు. షావుకారు వచ్చి పత్రం తట్టి చూపించాడు.

"పంచ సంగతి ఇందులో యాడుండాదో చూపించమ్మా. ఉంటే నేనే చాప పరుస్తా."

రైతు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. "నేను చెప్పినానక్కా. ఆయప్ప ఇనల్యా."

అత్త గొంతు పెంచలేదు. "పోనీలే నాయనా. ఆకువక్క నమిలి ఉమ్మేసేదే గదా" అంది. మూట నెత్తిన పెట్టుకొని, ఆవుల్ని తోలుకొని నా గుడిసెకు వచ్చింది.

షావుకారు ఇంట్లో గోతాలు నింపి తాళం వేశాడు. పోయిన ఏడు మిద్దె మీద ఎవరూ మన్ను పోయలేదు. వాన పడిన ప్రతిసారీ అత్తకు కూర్చున్నచోట కాలు నిలిచేది కాదు.

"పోయి చూసి రారా అల్లుడా, నడిమింట్లో కారుతాందేమో."

"మనది కాదు గదత్తా."

"మనది కాకపోతే తడవదా?"

కిటికీ సందులో నుంచి చూశాను. గోడల వెంట ఎర్రగా నీళ్లు దిగుతున్నాయి. కారడం లేదని వచ్చి చెప్పాను. ఆమె నా ముఖం చూసి, అవతలికి తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి గంజి సరిగ్గా ముట్టలేదు. జబ్బు ఏదని నన్ను అడిగినవాళ్లకు నేను చెప్పగలిగింది అంతే.

పోయే ముందు ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఒకటే మాట. "నన్ను నా వాకిట్లోనుంచి పంపించండిరా."

గురువారం నేను బండి ఆపలేదు. ఆమె మేత పెట్టి బతికించిన ఆవుల ఈతలో పుట్టిన ఎద్దులవి. ఆ వాకిలి రాగానే వాటంతట అవే ఆగాయి. తోలితే కదల్లేదు. శవం పండుకున్న బండిని కదపడానికి ఆ ఎద్దుల్ని కొట్టాల్సి వచ్చింది. కొట్టింది నేను. ఆ చెయ్యి ఇంకా నొస్తాంది.

ఆకువక్క తీసుకున్న రోజు ఆ పంచలో కూర్చున్నవాళ్లు మీలో ఉన్నారు. ఆ మాట విన్నారు, మీరూ ఆకు నమిలారు. గురువారం అదే రోడ్డు మీద నిలబడి ఒక్కరూ నోరు తెరవలేదు. మీ పేర్లు రాయను. మీకు తెలుసు.

ఇక షావుకారూ. మిల్లులో నిన్ను సామీ అంటాను. ఇక్కడ అనను. ఇల్లు తిరిగి ఇమ్మనడం లేదు. పత్రం నీది, జాగా నీది, అంగళ్లు కట్టుకో. వచ్చే ఆదివారం ఆమె పెద్ద దినం. ఆ పొద్దున తాళం తియ్యి. నడిమింట్లో గోతాలు పక్కకు జరుపు, జరపడానికి నేనే వస్తాను, కూలి అడగను. దీపం పెట్టి, ఆమెకు ఆకు వేసి వడ్డించి, ఆ వాకిట్లోనుంచి ఆమెను పంపి, మేమూ బయటికి వస్తాం. మళ్లా ఆ గడప తొక్కం.

తీస్తావా, తీయవా? శనివారం పొద్దు మునిగేలోపల చెప్పాలి. చీటీ వద్దు, మనిషిని పంపొద్దు. ఆమెకు నీళ్లు పోసుకోమన్నావే, ఆ గుడిసె ముందుకు నువ్వే నడిచి వచ్చి చెప్పాలి.