సాయమ్మను నిలబెట్టి అడిగిన నాడు

పోయిన కార్తీకంల, సోమవారం పొద్దుగాల తొమ్మిది గంటలకు జరిగింది. జహీరాబాద్ పక్కన మా ఊరి ఆడోళ్ల సంఘానికి నేను పెద్దను. సాయమ్మ మేకలు లక్ష్మి కందిచేను మేసినయి. తప్పు చేసినోళ్లను నిలబెట్టి అడుగుడు మా రివాజు. మేం చాప మీద కూసున్నం, ఆమెను నిలబెట్టినం. మేకలను ఎందుకు ఇడిసినవని అడిగినం. నేను గట్టిగ కసిరిన.

"మేసింది మేక గదక్కా! దాన్ని నిలబెట్టు, నన్ను కూసోనియ్యి" అన్నది.

అందరు నవ్విన్రు. నా మొఖం మాడింది. యాభై ఏండ్లకు అక్షరాలు నేర్చిన గాని మనిషిని కూసోబెట్టి అడుగుడు నేర్వలే. జరిగి నా పక్కన జాగ ఇచ్చిన.

కూసున్నంక సాయమ్మ లక్ష్మి దిక్కు తిరిగి, "తప్పు నాదే చెల్లే, కునుకు పట్టింది. పంట కోసేదాంక నీ చేనుకు నేనే కావలుంట" అన్నది. లక్ష్మి ఒప్పుకున్నది.

అప్పటిసంది మా సంఘంల ఎవలను నిలబెట్టలే.

ఆనాడు ఉన్నోళ్లం సాయమ్మ, లక్ష్మి, తుల్జమ్మ, రహీమాబీ, నేను చంద్రమ్మ.