పంతులమ్మగారికి పడవంటే భయం

నా చిన్నప్పుడు నరసాపురం రేవు పక్కన మా పేటలో నీళ్ళకు భయపడే పిల్ల ఒక్కతే ఉండేది. అది నేనే. చేపలు పట్టుకుని బతికే ఇంట పుట్టి, గోదావరిని చూసి వణికే పిల్లంటే ఎంత తలవంపులో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. మా వాళ్ళకు నడక వచ్చిందంటే నీళ్ళలో దిగడమూ వచ్చినట్టే. నేనూ అందరిలాగే దిగేదాన్ని. అయిదేళ్ళ వయసులో ఒకనాడు ఒడ్డు దగ్గరే పడవ పక్కకు ఒరిగి, నేను నీళ్ళ కిందికి పోయాను. మా నాన్న జుట్టు పట్టుకుని పైకి లాగాడు. నన్నయితే లాగాడు గానీ నా ధైర్యం మాత్రం ఆ అడుగునే ఉండిపోయింది.

నా భయం సంగతి మా నాయనమ్మకు ఒక్కదానికే తెలుసు. తక్కిన ఇంటిల్లిపాదికీ నేనొక పెంకిదాన్ని, పని దొంగను. పడవెక్కమంటే కడుపునొప్పి అనేదాన్ని, రేవులోకి దిగమంటే కాలిలో ముల్లు గుచ్చుకుందనేదాన్ని. మూడేళ్ళపాటు అలా నెట్టుకొచ్చాను. మా పెదనాన్న కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్దది, మహా గడుసుది. దానికి అప్పటికే నా మీద అనుమానం. దాని నోట్లో పడితే పేటంతా టాంటాం వేసినట్టే.

ఎండలు ముదిరితే మా ఆడవాళ్ళు ఎండుచేపల గంపలు నెత్తిన పెట్టుకుని సంతలకు పోయేవారు. మగవాళ్ళు చేపల వేటకు పోయేవారు. పిల్లలం ఇసుకలో పొర్లుతూ, పొద్దస్తమానం కొట్టుకుంటూ, ముసలివాళ్ళ ప్రాణాలు తోడేసేవాళ్ళం. ఆ ఏడు మిషను దొరల తోటలో బడి చెప్పే పంతులమ్మగారు ఒక కబురు పంపారు. ఆ నెల రోజులూ పేట పిల్లలందరినీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా తన దగ్గర ఉంచుకుంటానని, ఆటలూ పాటలూ అక్షరాలూ నేర్పుతానని, ఆడపిల్లలకు లేసు అల్లిక చూపిస్తానని, దీపాలు పెట్టేలోగా ఎవరి పిల్లల్ని వాళ్ళకు అప్పగిస్తానని.

ఇలాంటిది మా పేటలో ఎవరూ కనీవినీ ఎరుగరు. ఊరికే ఎవరైనా పరాయి పిల్లల్ని నెలరోజులు భరిస్తారా? ఇందులో ఏదో ఉందన్నారు. ఓడెక్కించి బర్మాలో రంగం పంపేస్తారని ఒకావిడ, పేర్లు మార్చేస్తారని ఒకావిడ, ఇంగ్లీషు నేర్పితే పిల్లలకు మన కూడు సయించదని ఇంకొకావిడ. మా నాయనమ్మయితే తలుపు దగ్గరే తేల్చేసింది, పంపేది లేదని. నేను కిందపడి దొర్లాను. ఎందుకంటే ఆ తోట చుట్టూ నిలువెత్తు గోడ ఉంది. ఆ గోడ లోపల నిలబడితే గోదావరి కనబడదు! నాకు తెలిసినంతలో గోదావరి కనబడని చోటు అదొక్కటే. అక్కడైతే నెల రోజులపాటు కడుపునొప్పులూ ముళ్ళూ వెతుక్కునే పని ఉండదు.

రెండో రోజు పంతులమ్మగారే మా పేటకు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, తెల్లచీర కట్టుకుని, ఎండకు తాటాకు గొడుగు వేసుకుని వచ్చి, మా వలలు ఆరేసే చోట ఇసుకలోనే కూర్చున్నారు. తల్లులు తెలుసుకోవలసినవన్నీ ఆవిడే విప్పి చెప్పారు. పొద్దున్నే చద్దన్నం పెట్టి పంపాలి. మధ్యాహ్నానికి ఇంటి కూడే మూటకట్టి ఇవ్వాలి, తన చేతి తిండి తినమని తాను అడగదు. చెవులకూ మెడకూ ఉన్నవి తీసేసి పంపాలి, ఆటల్లో ఊడిపోతే వెతకడం తనవల్ల కాదు. ఒళ్ళు వెచ్చబడిన పిల్లను ఇంట్లోనే ఉంచుకోవాలి. సాయంత్రం ఎవరు వస్తారో ముందే చెప్పాలి, వాళ్ళు తప్ప సాక్షాత్తూ మేనమామ వచ్చినా పిల్లను పంపదు. పొద్దున్నే తమ దేవుడి పాట ఒకటి పాడుతుంది. ఇష్టం లేనివాళ్ళ పిల్లలు ఆ కాసేపూ సపోటా చెట్టు కింద కూర్చోవచ్చు.

"తర్వాత తెలిసి నన్ను తిట్టుకోకూడదండి. అందుకే ముందే చెబుతున్నాను" అన్నారు. ఆ పాట ముక్క దాచకుండా చెప్పినందుకు మా నాయనమ్మ ముఖం కొంచెం సడలింది.

అక్కడితో లేచి వెళ్ళిపోతారనుకున్నాం. వెళ్ళలేదు. "నా సంగతి చెప్పాను. ఇప్పుడు మీరు మీ పిల్లల సంగతి చెప్పండమ్మా. నేను తెలుసుకోవాల్సింది ఏదైనా ఉంటే ఒక్కొక్కరే వచ్చి నా చెవిలో చెప్పండి. నాతోనే ఉంటుంది" అన్నారు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ పిల్లల గురించి వాళ్ళను అడిగిన చదువుకున్న మనిషి అంతవరకూ ఒక్కరూ లేరు. ఒకావిడ లేచింది, ఆ వెనక ఇంకొకావిడ. చివరికి మా నాయనమ్మ లేచింది. నేను దాని చీర చెంగు వదలకుండా వెనకే నక్కాను.

మా నాయనమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇది నీళ్ళంటే దడుసుకుంటాదండి. ఎవరికీ తెలీదు. తెలిస్తే దీన్ని బతకనివ్వరండి. కడుపునొప్పి అన్నదంటే అది నొప్పి కాదండి, భయం."

నా తల కొట్టేసినట్టయింది. మూడేళ్ళు ప్రాణంలా దాచుకున్న గుట్టును ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టేసిందే ఈ ముసలిది! మూడు రోజులు మా నాయనమ్మతో మాట్లాడలేదు. నాలుగో రోజు దొరల తోటకు పంపితే, మాట్లాడక తప్పలేదు.

ఆ నెల రోజులూ నా బతుకులో మళ్ళీ రాలేదు. పొద్దున్నే ఇల్లు వదిలితే మళ్ళీ సందెవేళకే ఇంటి ధ్యాస. అష్టాచెమ్మా, తొక్కుడుబిళ్ళ, ఇసుకలో వేలితో అక్షరాలు. లేసు సూది పట్టుకోగానే మా వేళ్ళు ఎగిరి గంతేశాయి, వలముళ్ళు వేసిన వేళ్ళు కదా. పంతులమ్మగారికే మేం వలముడి వేయడం నేర్పాం. ఆవిడ పదిసార్లు తప్పు వేసి, పదకొండోసారి వేస్తే మేమందరం చప్పట్లు కొట్టాం. నేను మాత్రం ఒక కన్ను ఆవిడ మీదే వేసి ఉంచేదాన్ని, నా గుట్టు ఎప్పుడు ఎవరితో అంటారా అని. ఆవిడ నోరు జారలేదు.

ఆఖరి వారంలో నా నెత్తిన పిడుగు పడింది. అందరినీ పడవ మీద గోదావరి దాటించి, అవతలి ఒడ్డున మామిడితోటకు తీసుకువెళ్తారట. ఇష్టం లేనివాళ్ళు పిల్లల్ని ఇంట్లో ఉంచుకోవచ్చని ఇంటింటికీ వచ్చి చెప్పి వెళ్ళారు. అందరూ గంతులు వేస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నీ తెలిసి కూడా పడవంటుందా ఈవిడ! వెళ్తే చస్తాను. వెళ్ళకపోతే మా పెదనాన్న కూతురు ఆ సాయంత్రానికల్లా నా బండారం బయటపెడుతుంది. "ఏంటే, రేపు కూడా కడుపునొప్పేనా?" అని అది అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. మా నాయనమ్మ నన్ను పొమ్మనలేదు, మానమనలేదు. కూడు మూట మాత్రం కట్టి పెట్టింది.

పొద్దున్నే రేవుకు వెళ్ళాను. వెళ్ళానంటే కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాను. పిల్లలు పడవ దగ్గర తోసుకుంటున్నారు. పంతులమ్మగారు నన్ను పక్కకు, కొబ్బరి డొక్కల గుట్ట చాటుకు పిలిచారు. ఆవిడ మొహం చిన్నబోయి ఉంది.

"బుల్లెమ్మా, ఒక్క మాట. ఎవరితోనూ అనకేం? నాకు పడవంటే చచ్చేంత భయమే. పిల్లలు సరదా పడతారని ఒప్పేసుకున్నాను. ఇప్పుడు కాళ్ళు ఆడటం లేదు. నా చెయ్యి వదలకుండా పట్టుకుంటావా?"

నాకు చెడ్డ చిరాకేసింది. ఇంతమందిలో ఈవిడకు నేనే దొరికానా? కానీ చెయ్యి చాపారు. పట్టుకుంటే మంచులా ఉంది. అంతకుముందే గోదావరిలో ముంచుకుని వచ్చారని ఇప్పుడు నా అనుమానం. ఆ పూట మాత్రం అయ్యో పాపం, ఎంత భయపడుతోందో అనుకున్నాను.

ఇక ఆవిడ చేయని తప్పు లేదు. మొదట చెప్పులతో పడవెక్కబోయారు. మా వాళ్ళు పడవను కళ్ళకద్దుకోకుండా కాలు పెట్టరు, ఈవిడ చెప్పులా! "తియ్యండమ్మగారూ, తప్పు!" అని నేనే వంగి విప్పించి, పడవకు నేనే దండం పెట్టి, ఆవిడ చేత పెట్టించాను. తర్వాత తిన్నగా అంచు మీద కాలేశారు. "అంచు మీద కాదండీ, నడిమధ్యన!" అన్నాను. కూర్చోమంటే నిలబడ్డారు. పడవ అటూ ఇటూ ఊగింది. "కూర్చోండి! పడవలో నిలబడతారా ఎవరైనా? మీరు మునిగేది కాక మమ్మల్నందర్నీ ముంచుతారా?" అని గట్టిగా కసిరాను. పంతులమ్మగారిని పట్టుకుని అంత మాటా! పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆవిడ బుద్ధిగా కూర్చుని, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

ఏటి మధ్యకు వచ్చాక గానీ నేనెక్కడున్నానో నాకు తెలియలేదు. నాలుగు వైపులా నీళ్ళే. పాత భయమంతా ఒక్కసారిగా మీద పడింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద పడవ పక్కనుంచి పోయి అల లేస్తే, పంతులమ్మగారు నాకు మాత్రమే వినబడేలా "అమ్మో, వదలకే!" అని నా భుజంలో మొహం దాచుకున్నారు. నేను కూడా వణికితే ఈవిడేమైపోతుంది? అల పడవ కిందుగా పోతుందనీ, ఒళ్ళు బిగబట్టకుండా దానితోపాటు ఊగితే చాలుననీ మా నాన్న ఎప్పుడో అన్న మాటలన్నీ ఆవిడకు చెప్పాను. చెబుతూ చెబుతూ నేనే ఊగాను. అల వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చింది, అదీ వెళ్ళిపోయింది. మూడోది వస్తే బాగుండుననిపించింది!

మామిడితోటలో ఎన్ని పళ్ళు తిన్నామో లెక్కలేదు. తిరుగు పడవలో ఒక చెయ్యి పంతులమ్మగారికిచ్చి, రెండో చెయ్యి గోదావరిలో పెట్టి కూర్చున్నాను. రేవులో మా నాయనమ్మ నిలబడి ఉంది. పడవ ముందు భాగాన నన్ను చూసి చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను దిగగానే పావడా అంతా తడిపేశావేంటే అని వీపు మీద ఒకటి చరిచింది. పంతులమ్మగారి భయం సంగతి ఆ రాత్రి నాలుక చివరి దాకా వచ్చినా మా నాయనమ్మకు కూడా చెప్పలేదు. ఎవరితోనూ అనొద్దన్నారు కదా.

చాలా ఏళ్ళ తర్వాత, నేను ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, అవతలి ఒడ్డున ఎండుచేపలు అమ్ముకుంటుంటే ఒక ముసలి పడవాయన మాటల్లో పడ్డాడు. పంతులమ్మగారు ఆయన సొంత చెల్లెలట. అన్నే కదా అని, ఆవిడకు పడవంటే భయం కదండీ అన్నాను. "మా చెల్లికి భయమా? అది గోదారి నడుమ లంకలో పుట్టిన పిల్లండి. పదేళ్ళకే తెడ్డు పట్టింది. పాయ దాటి ఈదుకుంటూ వెళ్ళి తాటిముంజెలు తెచ్చేది!" అని పకపకా నవ్వాడు. నాకు మొదట పౌరుషం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. గంప పక్కన కూలబడి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాను. ఎంత నాటకమాడావమ్మా తల్లీ!

ఆనాడు పదిసార్లు తప్పు వేసిన వలముడి కూడా ఆవిడకు మొదటినుంచీ వచ్చే ఉంటుంది. ఇంటికి వెళుతూ తోట దగ్గర ఆగి, మీ అన్నగారు కనిపించారని చెప్పాను. అప్పటికి ఆవిడ జుట్టు ముగ్గుబుట్టయిపోయింది. నన్ను ఎగాదిగా చూసి, "వాడి మాటలకేం గానీ, నాకు ఇప్పటికీ భయమే. పడవెక్కాల్సి వస్తే నీకే కబురు పెడతాను" అన్నారు. కాళ్ళకు దండం పెట్టి వచ్చేశాను.

మొన్న మా పేటకు టీకాలు వేసేవాడు వచ్చాడు. నా మనవడు మంచం కిందికి దూరి, ఎవరు బతిమాలినా రాలేదు. వాళ్ళమ్మ బెల్లం ముక్క చూపించింది, వాళ్ళ నాన్న బెత్తం చూపించాడు. నేను ఈ మోకాళ్ళ నొప్పులతోనే నేల మీద పడుకుని, మంచం కిందికి చెయ్యి చాపి, "ఒరే నాయనా, నాకూ పొడుస్తాడట రా. నాకు చచ్చేంత భయంగా ఉంది. కాస్త నా చెయ్యి పట్టుకుంటావా?" అన్నాను. ఒక చిన్న చెయ్యి మెల్లగా నా చేతిలోకి వచ్చింది. "నేనున్నాను కదే నాయనమ్మా, ఏడవకు" అంటూ వాడే నన్ను బయటికి తీసుకొచ్చాడు.