పిన్నిగారి చదువు, తెరమీది చదువు

ఆ రోజు నాకు కోపం వచ్చింది డీటీపీ చేసే మూర్తి మీద. గవర్నరుపేటలో ఒక ప్రచురణకర్త దగ్గర ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఒక నవల ప్రూఫులో పేజీ మధ్య వరసలన్నీ వంగి కనబడ్డాయి. "లైన్లు వంకర" అని మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో రాసి పంపాను. ఇంకో ప్రింటు తీసి పంపాడు. అదీ వంకరే. మళ్ళీ రాశాను. ఈసారి మూర్తే స్కేలు పట్టుకుని వచ్చాడు. దాన్ని వరస కింద ఆనించి, "మీరే చూడండి మేడమ్, వంకర ఎక్కడుందండీ?" అన్నాడు. చూశాను. వరసతో పాటు స్కేలు కూడా వంగి ఉంది.

చిన్నప్పటి నుంచీ నావి సోడాబుడ్డి కళ్ళద్దాలు. పవర్ మారిందేమోనని ఆశపడుతూనే కంటాసుపత్రికి వెళ్ళాను. డాక్టరుగారు ముందు ఒక కన్ను, తర్వాత రెండోది మూయించి గళ్ళ కాగితం చూడమన్నారు. ఎడమ కంటికి మధ్య గళ్ళు లేనేలేవు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే చెప్పలేకపోయాను. ఒక కంటి లోపాన్ని రెండోది కప్పిపుచ్చుతూ వచ్చిందట. చేతి నరానికి పసుపురంగు మందు ఎక్కించి ఫొటోలు తీశారు. కంటి లోపలి పొరలు చూసే ఓసీటీ స్కాన్ కూడా తీశారు.

"హై మయోపియా కదమ్మా. మాక్యులా, అంటే మధ్య చూపునిచ్చే చోట, కొత్త రక్తనాళాలు పుట్టి లీక్ అవుతున్నాయి. కంట్లో ఇంజెక్షన్ ఇద్దాం. అది ఉన్న చూపును నిలబెట్టడానికి. పోయిందంతా తిరిగొస్తుందని మాత్రం నేను చెప్పలేను" అన్నారు.

కంట్లో ఇంజెక్షన్ అంటే భయపడ్డాను గానీ, చుక్కలు వేశాక నొప్పి పెద్దగా తెలియలేదు. నొప్పంతా నర్సు అడిగే ప్రశ్నలో ఉండేది. "మీతో ఎవరొచ్చారండీ?" నేను పెళ్ళి చేసుకోలేదు, తోబుట్టువులు లేరు. మొదటిసారి ఎవరూ లేరన్నాను. ఆమె జాలిగా చూసింది. తర్వాతిసారి నుంచి "కింద ఉన్నారు" అని అబద్ధమాడి, కంటికి కట్టుతో ఒక్కదాన్నే ఆటోలో భవానీపురం వచ్చేదాన్ని.

మరుసటి ఏడు కుడి కంట్లోనూ అదే మొదలైంది. ఇంజెక్షన్లు పడ్డా మధ్య చూపు నిలవలేదు. "పూర్తిగా చీకటి అవదమ్మా. పక్క చూపు ఉంటుంది. నడుస్తారు, వండుకుంటారు. చదవడమే కష్టం" అన్నారు డాక్టరుగారు. మిగతావన్నీ పోయి ఆ ఒక్కటీ మిగిలితే బాగుండేదనిపించింది. ఉద్యోగం పోయింది. అంతకంటే పెద్ద దెబ్బ, చదువు పోవడం. నా గదిలో ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే ఉన్నా, పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ ఒంటరినని అనుకోలేదు. ఇప్పుడు తెల్లారితే చాలు, అదే మాట గుర్తొచ్చేది.

కింది వాటాలో ఇంటావిడ ఉంటారు. పిన్నిగారూ అని పిలుస్తాను. సంగతి తెలిసి, రోజూ నాలుగింటికి కాఫీ తాగాక వారపత్రిక పట్టుకుని పైకి రావడం మొదలుపెట్టారు. ఆమె చదువు ఆమెదే. "ఇక్కడంతా వర్ణనలే అమ్మాయ్, మనకెందుకు" అని రెండు పేజీలు తిప్పేసేవారు. కథలో ఎవరైనా చావబోతుంటే ఆపేసి, "పోయాడులే పాపం" అని చెప్పి జోక్స్‌లోకి వెళ్ళిపోయేవారు. హీరోయిన్‌ను "దీనికి బుద్ధి లేదు" అని తిట్టేవారు. నాకు లోపల మండిపోయేది. జీవితమంతా ఒక్క అక్షరం జారనివ్వని దాన్ని!

ఆసుపత్రిలో చూపు తగ్గినవాళ్ళ కోసం లో విజన్ విభాగం ఉంది. అక్కడి అమ్మాయి, "కంప్యూటర్‌లో పెడితే అక్షరం ఎంత కావాలంటే అంత చేసుకోవచ్చండీ. సూటిగా చూడకండి, కాస్త పక్కకి చూడండి" అని నేర్పింది. మూర్తి ఒక పాత కంప్యూటర్ కొనిపెట్టి, స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలను నెట్ సెంటర్ నుంచి సీడీలో ఎక్కించి తెచ్చాడు.

నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు, ఒకసారికి నాలుగో అయిదో. వత్తు కోసం కిందికి, గుడి కోసం పైకి జరపాలి. వరస చివరికి వెళ్ళి వెనక్కొచ్చేసరికి తర్వాతి వరస దొరికేది కాదు. కూతవేటు దూరాన ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారవుతుంటే, మా వీధిలో సరిగ్గా వాక్యం మధ్యలో పోయేది. ఒక పేజీకి ఒక పూట పట్టేది. తల పగిలిపోయేది. అయినా వదల్లేదు.

ఒక నవలలో ముసలామె చనిపోయే అధ్యాయం వచ్చింది. ఒక్క మాట వదలకుండా నేనే చదివాను. చదివి వెక్కివెక్కి ఏడ్చాను. ఎన్నాళ్ళకో నా ఏడుపు నేను ఏడ్చుకున్నాను.

ఆ సాయంత్రం పిన్నిగారు వస్తే సంబరంగా చూపించాను. "అబ్బో, ఒక్కో అక్షరం బూరెంత ఉందే! ఇక నా గోల తప్పింది నీకు" అన్నారు. సరదాకి అన్నారనుకుని నవ్వాను. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మెట్ల దగ్గర కనబడితే, "రావడంలేదేం పిన్నిగారూ?" అని అడిగాను.

"మిషనుందిగా అమ్మా, మధ్యలో నేనెందుకు?"

"అయ్యో, అదేం మాటండీ? రండి."

"వస్తాలే." ఆ "వస్తాలే"కి అర్థం మనందరికీ తెలుసు.

ఇప్పుడు మూడు నెలలకోసారి ఓసీటీ తీస్తారు. కళ్ళు అలాగే నిలకడగా ఉన్నాయి. కావలసిన పుస్తకం తెచ్చుకుంటాను, వర్ణనలతో సహా చదువుకుంటాను. చావులు కూడా ఎవరూ దాటవేయరు. హీరోయిన్ బుద్ధి తక్కువ పని చేస్తే తిట్టేవాళ్ళే లేరు. ఒకసారి నేనే పైకి తిట్టి చూశాను. గదిలో నా గొంతు నాకే కొత్తగా వినబడి, నోరు మూసుకున్నాను.

నాలాంటి జబ్బు వచ్చినవాళ్ళకు ఒక్క మాట చెబుతాను. కాస్త చూపుండగానే కంప్యూటర్ నేర్చుకోండి, భయపడకండి. కానీ అది ఇంటికొచ్చిన రోజునే, మీకు చదివిపెట్టే మనిషితో, "పుస్తకాలు దీంట్లో చదువుకుంటాను, వారపత్రిక మాత్రం మీరే చదవాలి" అని చెప్పండి. ఆ రోజే చెప్పాలి. నెల పోయాక చెబితే మర్యాదకు అన్నారనుకుంటారు.